ఏ4 కాగితమంత ఆటోనగర్

విజయవాడలో బెంజ్ సర్కిల్ దాటి ఆటోనగర్ గేటు వైపు తిరిగారంటే ముందు ముక్కుకి తెలుస్తుంది. థిన్నర్, గ్రీజు, కాలిన రబ్బరు, మధ్యలో ఎక్కడో మిరపకాయ బజ్జీ. తర్వాత చెవికి తెలుస్తుంది. రేకు మీద సుత్తి, గ్రైండర్ కీచు, ఎక్కడో లారీ హారన్ టెస్టింగ్. కంటికి తెలిసేది ఆఖర్న. నేలంతా నలుపు. ఏళ్ల తరబడి ఇంజిన్ ఆయిల్ తాగిన మట్టి, వాన పడితే నెమలి ఈకలాగా మెరుస్తుంది.

దీని పూర్తి పేరు జవహర్ ఆటోనగర్. కంపెనీ నుంచి వట్టి చాసిస్‌గా, చెక్క పలక మీద కూర్చున్న డ్రైవర్‌తో వచ్చిన బండి ఇక్కడ బాడీ కట్టించుకుని, రంగులేయించుకుని, ముందు నిమ్మకాయలు కట్టించుకుని లారీగా బయటికి వెళ్లేది. ఇప్పుడు చాలా లారీలకి క్యాబిన్ కంపెనీలోనే బిగించి వస్తోంది. వెనక తలుపు మీద తామరపువ్వు, నెమలి, గద్ద బొమ్మలు కుంచెతో వేసే చోట స్టిక్కర్ అంటిస్తున్నారు. పది నిమిషాల పని.

మా మావయ్య కుంచె మనిషి. కార్లకి పెయింటింగ్, లారీలకి అక్షరాలు. రేకుల షెడ్డు ఒకటి, అద్దెకి. నా ఇంజినీరింగ్ ఆఖరి రెండేళ్ల ఫీజు ఆ షెడ్డులోంచే వచ్చింది. పోయిన ఏడాది ఓనరు షెడ్డు ఖాళీ చేయమన్నాడు. నెల రోజులు టైమిచ్చాడు. మావయ్యకీ కళ్లు సరిగ్గా ఆనడం లేదు, ఇంక వేరే షెడ్డు చూసుకునే ఓపిక లేదన్నాడు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు బొమ్మ కార్లు సేకరించే బాపతు. వీడియో తీద్దామని ఫోన్ ఎత్తితే మావయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏముందిరా ఇక్కడ, తీయడానికి? తుప్పు రేకులు" అన్నాడు. సరే, తుప్పు రేకులే చేసిపెడతానన్నాను. నాలుగు శనాదివారాలు, చేతిలో ఓ పాత బొమ్మ అంబాసిడర్, బడ్జెట్ ఏడువందలు. అందులోంచి పుట్టింది ఈ కథ.

ముందు లెక్క

బొమ్మ కారు చుట్టూ చిన్న దృశ్యం కట్టడాన్ని డయోరమా అంటారు. దీనికోసం ఆన్‌లైన్‌లో రెడీమేడ్ కిట్‌లు దొరుకుతాయి. దిగుమతి సరుకు. ఒక పెట్రోల్ బంకు, నాలుగు మనుషుల బొమ్మలు కొంటే నెల బైక్ ఈఎంఐ అయిపోతుంది. పైగా అందులో అమెరికా గ్యారేజీ ఉంటుంది గానీ, ఆటోనగర్ షెడ్డు ఉండదు.

డబ్బు కంటే ముందు కావాల్సింది స్కేలు. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. వేలెడంత కార్లని 1:64 అంటారు, అంటే అసలు కారులో అరవై నాలుగో వంతు. కానీ తక్కువ ధర కార్లని స్కేలుకి కాకుండా ప్యాకెట్‌కి సరిపోయేలా చేస్తారు. అందుకే ఆ సైజులో బస్సూ, కారూ ఒకే పొడవుంటాయి. కాబట్టి డబ్బా మీద అంకెని నమ్మకుండా మనమే కొలుచుకోవాలి.

నా అంబాసిడర్ ప్లాస్టిక్‌ది, వెనక్కి లాగి వదిలితే పరిగెత్తే రకం. పొడవు 12 సెంటీమీటర్లు. అసలు అంబాసిడర్ పొడవు దాదాపు 4.3 మీటర్లు, అంటే 430 సెంటీమీటర్లు. 430ని 12తో భాగిస్తే 36 వచ్చింది. ఇక ఆ షెడ్డులో కనపడిన ప్రతిదాన్నీ 36తో భాగించడమే నా పని.

టేపు పట్టుకుని మొత్తం కొలిచాను. షెడ్డు 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల లోతు. 36తో భాగిస్తే 17 సెంటీమీటర్లు, 25 సెంటీమీటర్లు. ఏ4 కాగితం 21, 29.7. అంటే షెడ్డు చుట్టూ కాస్త వాకిలి కూడా మిగులుతుందన్నమాట! ఏడడుగుల తలుపు 5.9 సెంటీమీటర్లు. అయిదున్నర అడుగుల మావయ్య 4.7 సెంటీమీటర్లు. ఇటుక పొడవు ఆరున్నర మిల్లీమీటర్లు.

కొలిచేటప్పుడు మావయ్య వెనకాలే తిరిగాడు. "డ్రమ్ము కూడా కొలుస్తావుట్రా?" అని ఒకటే నవ్వు. కాసేపయ్యాక తనే ఇటు పట్టుకో, అటు పట్టుకో అంటూ టేపు లాక్కున్నాడు.

రేకులకి దువ్వెన, టైర్లకి వాటర్ బాటిల్

తక్కువ ఖర్చులో చేయాలంటే చూపు మారాలి. ఏ వస్తువు చూసినా "36తో గుణిస్తే ఇదేమవుతుంది?" అని అడగాలి. వాటర్ బాటిల్ మూత వ్యాసం దాదాపు 3 సెంటీమీటర్లు. గుణిస్తే 108 సెంటీమీటర్లు. అచ్చంగా లారీ టైరు సైజు! మూత చుట్టూ ఉండే గాట్లు టైరు గాట్లలాగే ఉంటాయి. మధ్యలో గుండ్రంగా కోసి, నలుపు పూసి, పైన కాస్త మట్టి రుద్దితే చాలు. ఆఫీసు క్యాంటీన్‌లో వారం రోజులు మూతలు ఏరాను. పక్క టీమ్‌వాళ్లు ఏదో పర్యావరణ కార్యక్రమం అనుకున్నారు.

రేకుల సంగతి ఇంకా బాగుంటుంది. అసలు రేకులో ఒక వంపు నుంచి ఇంకో వంపుకి మూడంగుళాలు. 36తో భాగిస్తే రెండు మిల్లీమీటర్లు. మామూలు దువ్వెన పళ్ల మధ్య దూరం కూడా సుమారు అంతే. పార్సిల్ బిర్యానీ వచ్చే అల్యూమినియం డబ్బాని శుభ్రంగా కడిగి, ముక్కలుగా కత్తిరించి, దువ్వెన మీద పెట్టి, రీఫిల్ అయిపోయిన పెన్నుతో పళ్ల మధ్య రుద్దండి. ముడతల రేకు తయారు. డబ్బా రేకు కాస్త మందంగా ఉంటుంది కాబట్టి వంగినా ఆకారం నిలుస్తుంది. చపాతీలు చుట్టే పల్చటి ఫాయిల్ అయితే వెనక కాగితం అతికించాలి.

గోడలకి ఫోమ్ బోర్డు. స్కూలు ప్రాజెక్టులు అమ్మే స్టేషనరీ షాపుల్లో ఉంటుంది. పై కాగితం తడిపి ఒలిచేస్తే లోపల మెత్తటి ఫోమ్. దానిమీద బాల్ పెన్నుతో ఇటుకలు గీయచ్చు. కింద బేస్‌కి థర్మకోల్ వాడితే ఒక్క జాగ్రత్త. స్ప్రే పెయింటూ, చెప్పులు అతికించే గమ్మూ దాన్ని కరిగించేస్తాయి. ఫెవికాల్, నీళ్లలో కలిసే రంగులు మాత్రమే వాడాలి.

షెడ్డులో కారుకి రంగు వేసేముందు అద్దాలకి పేపర్ అంటిస్తారు కదా. మన దినపత్రిక ముక్క కత్తిరించి బొమ్మ కారుకి అంటిస్తే ఒక్కో అక్షరం పలకంత కనిపిస్తుంది. మందుల డబ్బాలో మడిచిపెట్టే చీటీ ఉంటుంది చూడండి, ఎవరూ చదవనిది, దాంట్లో అక్షరాలు ఆవగింజలంత. కాగితం కూడా పల్చన. అంబాసిడర్ ముందద్దానికి మా అమ్మమ్మ బీపీ మాత్రల చీటీ సరిగ్గా సరిపోయింది.

కొండపల్లి పొట్టు

రెండో ఆదివారం విజయవాడ బస్టాండ్‌లో సిటీ బస్సెక్కి కొండపల్లి వెళ్లాను. ఇరవై కిలోమీటర్ల లోపే. హైదరాబాద్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వచ్చేసరికి థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తాయి, ఆ తర్వాత కొండ, కొండ మీద కోట. బొమ్మల కాలనీ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు.

డయోరమా అనగానే విదేశీ హాబీ అనుకుంటాం గానీ, ఇది మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. సంక్రాంతికో దసరాకో పెట్టే బొమ్మల కొలువు ఏంటి మరి? పళ్లెంలో మట్టి పోసి, ఆవాలు చల్లి, మొలకలొస్తే దాన్ని పొలం చేసి, మధ్యలో ఎడ్లబండి నిలబెట్టేవాళ్లు. కొండపల్లి వాళ్లు తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడినీ, బావి దగ్గర ఆడవాళ్లనీ, పెళ్లి పల్లకీనీ ఎప్పుడో చేసిపెట్టారు. మనం కొత్తగా చేస్తున్నదల్లా ఎడ్లబండి తీసేసి అంబాసిడర్ పెట్టడమే.

ఆ బొమ్మల చెక్క పేరు తెల్ల పొణికి. చేతిలో పట్టుకుంటే చెక్కలా ఉండదు, రస్కులా తేలిగ్గా ఉంటుంది. దాన్ని సన్నటి సెగ మీద ఆరబెట్టి, తేమ పోయాక చెక్కుతారు. చెయ్యి, కాలు, తల విడివిడిగా చేసి మక్కుతో అతుకుతారు. మక్కు అంటే చింతగింజల జిగురులో అదే చెక్క పొట్టు కలిపిన ముద్ద. ఆరితే గట్టిపడుతుంది, ఆకురాయితో రుద్దితే నున్నగా అవుతుంది. దానిపైన సున్నం, ఆపైన రంగు. ఏదీ వృథా పోదు. చెక్కగా మిగలనిది పొట్టవుతుంది, పొట్టు మళ్లీ బొమ్మలోకే వెళ్తుంది.

ఒక ఇంటి అరుగు మీద పెద్దాయన ఏనుగు తొండం రుద్దుతున్నారు. రెండు గుప్పెళ్ల పొట్టు కావాలండీ అని అడిగాను. ఎందుకు బాబూ అన్నారు. చెప్పాను. ఫోన్‌లో షెడ్డు ఫొటో చూపించాను. ఆయన ఫొటో పెద్దది చేసి చాలాసేపు చూశారు. "ఆ వేపచెట్టు వదలకండి. నీడ లేకపోతే అక్కడ మనిషి పని చేసినట్టుండదు" అన్నారు. పొట్టుకి డబ్బులు తీసుకోలేదు. ఇప్పుడు పొణికి చెక్క దొరకడమే కష్టంగా ఉందని, అడవిలో దూరం వెళ్లాల్సొస్తోందని మాత్రం చెప్పారు.

ఆయన మాట ప్రకారం వేపచెట్టు పెట్టాను. అసలు చెట్టు పాతికడుగులు, నాది 21 సెంటీమీటర్లు. ఇంటి వైరింగ్‌లో మిగిలిన రాగి తీగలు మెలిపెట్టి మాను, చివర్లు విడదీసి కొమ్మలు. పొట్టులో ఆకుపచ్చ పోస్టర్ కలర్ కలిపి, కాగితం మీద ఆరబెట్టి, ఫెవికాల్ పూసిన కొమ్మల మీద చల్లాను. ఒకే ఆకుపచ్చ వాడితే ప్లాస్టిక్ చెట్టులా ఉంటుంది. మూడు గిన్నెల్లో మూడు ఛాయలు కలిపితే వేప అవుతుంది. కింద రాలిన ఆకులకి వాడేసిన టీ పొడి ఎండబెట్టి చల్లాను.

మాను అతుకులకి మక్కు వాడాను. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉడికించి, పొట్టు కలిపి. మా అమ్మ వంటింట్లోంచి ఒకటే గోల, కానీ ఫలితం బ్రహ్మాండం. బజారులో దొరికే పుట్టీ కంటే చెట్టు బెరడులాగా వచ్చింది.

తుప్పూ మట్టీ కొనక్కర్లేదు

తుప్పుకి రంగు కొనడం దండగ. అసలు తుప్పే ఉండగా! ఆటోనగర్‌లో ఏ లేత్ షాపు ముందు చూసినా ఇనప పొట్టు గుట్టలుగా ఉంటుంది. చెంచాడు అడిగి తెచ్చి, మూత లేని గిన్నెలో కాస్త వెనిగర్, ఉప్పు వేసి గాలి తగిలే చోట రెండ్రోజులు వదిలేస్తే నారింజ రంగు తుప్పు తయారు. ఎండబెట్టి నలిపి, టీ వడకట్టే జల్లెడలో జల్లించాలి. చేతికి గ్లౌజులు మర్చిపోకండి, ఇనప పొట్టు గుచ్చుకుంటుంది. రేకుల మీద నీళ్ల ఫెవికాల్ రాసి, ఈ పొడిని కింద అంచుల్లో, మేకుల చుట్టూ మాత్రమే అద్దాలి. తుప్పు ఎక్కడ పడుతుంది? నీళ్లు నిలిచే చోట. అది గమనిస్తే చాలు, సగం పనితనం వచ్చేసినట్టే.

నేల కోసం షెడ్డు ముందు మట్టే తెచ్చాను, గుప్పెడు. పెనం మీద వేడిచేసి, జల్లించి, పరిచాను. దీన్ని అంటించడానికో చిట్కా ఉంది. ఫెవికాల్, నీళ్లు సగం సగం కలిపి, అందులో అంట్లు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేయాలి. ఆ చుక్క లేకపోతే నీళ్లు మట్టి మీద ముత్యాల్లా దొర్లుతాయి. వేస్తే లోపలికి ఇంకుతాయి. డ్రాపర్‌తో చుక్కలుగా పోసి ఒక రాత్రి వదిలేయండి.

ఆయిల్ మరకలకి అసలు ఆయిల్ వాడకూడదు. అది ఆరదు, కింద థర్మకోల్‌కీ మంచిది కాదు. నల్ల రంగులో కొంచెం ఫెవికాల్ కలిపి పూస్తే ఆరాక తడిగా మెరుస్తుంది. అచ్చం ఆటోనగర్ నేల.

ట్యూబ్‌లైటు ఒకటుంటే షెడ్డుకి ప్రాణం వస్తుంది. ఒక తెల్ల ఎల్‌ఈడీ, ఒక సీఆర్2032 కాయిన్ సెల్, చిన్న స్విచ్. ఖాళీ రీఫిల్ గొట్టం చివర ఎల్‌ఈడీ పెడితే గొట్టమంతా కాంతి పాకుతుంది. ఫోన్ ఛార్జర్‌తో వెలిగించాలంటే మాత్రం నేరుగా కలపొద్దు. 5 వోల్టులకి మధ్యలో 220 ఓంల రెసిస్టర్ పెట్టాలి. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో చదివింది ఇన్నాళ్లకి పనికొచ్చింది.

జేబు లెక్క

అడుగుతారని తెలుసు, కాబట్టి చెప్పేస్తున్నా. బొమ్మ అంబాసిడర్ 180. ఫోమ్ బోర్డు, థర్మకోల్ 90. ఫెవికాల్ 50. పోస్టర్ కలర్స్, రెండు బ్రష్‌లు 140. ఎల్‌ఈడీ, సెల్, స్విచ్ 40. మనుషుల బొమ్మలకి ఎం-సీల్ 30. గరుకు కాగితం 20. కొండపల్లి బస్సు ఖర్చు రానూపోనూ 80. మొత్తం 630. మిగిలిన డెబ్భైతో నేనూ మావయ్యా ఆటోనగర్‌లో బజ్జీలు తిన్నాం.

ఫోన్‌ని తలకిందులు చేయండి

అమెరికాలో మైఖేల్ పాల్ స్మిత్ అని ఒకాయన ఉండేవారు, 2018లో పోయారు. 1:24 స్కేలు కార్లతో ఎల్గిన్ పార్క్ అనే ఊహల ఊరు కట్టి, బల్ల మీద పెట్టి వీధిలోకి తీసుకెళ్లేవారు. వెనక నిజం చెట్లు, నిజం ఇళ్లు కనిపించేలా నిలబెట్టి ఫొటో తీసేవారు. ఖరీదైన కెమెరా కూడా కాదు, మామూలు డిజిటల్ కెమెరా. చూస్తే 1950ల నాటి అసలు ఫొటోలనుకుంటాం.

ఆయన పద్ధతి మన ఫోన్‌తోనూ కుదురుతుంది. కెమెరా ఎత్తు బొమ్మ మనిషి కంటి ఎత్తులో ఉండాలి. ఫోన్‌ని తలకిందులు చేస్తే లెన్స్ నేలకి దగ్గరవుతుంది. మరీ దగ్గరికెళ్తే వెనకంతా మసకబారి బొమ్మని తెలిసిపోతుంది, అందుకే కాస్త దూరం జరిగి 2ఎక్స్ జూమ్ చేయండి. ట్యూబ్‌లైట్ల కింద తీయకండి. పొద్దున్న ఏడింటి ఎండ గానీ, సాయంత్రం అయిదింటి ఎండ గానీ చాలు.

నేను నా షెడ్డుని అసలు షెడ్డు ముందే, ఒక డ్రమ్ము మీద పెట్టి తీశాను. వెనక అసలు వేపచెట్టు, ముందు పొణికి పొట్టు వేపచెట్టు. ఫొటో చూసిన మా ఫ్రెండ్ అడిగిన మొదటి ప్రశ్న: "ఆ అంబాసిడర్ అమ్ముతారా?"

ఖాళీ బోర్డు

ఒక్కటి మాత్రం కావాలనే చేయకుండా వదిలేశాను. షెడ్డు నెత్తి మీద ఎనిమిదడుగుల బోర్డు. నా స్కేల్లో 6.8 సెంటీమీటర్ల రేకు ముక్క, పసుపు పూసి ఖాళీగా ఉంచాను.

నెలాఖరు రోజు సామాన్లు ఆటోకి ఎత్తేశాక మావయ్య ముందు పెట్టాను. ఆయన ఏమీ అనలేదు. వంగి లోపలికి చూశాడు. లప్పం పెట్టిన చోట బూడిద రంగు మచ్చలున్న అంబాసిడర్, మూల బాటిల్ మూతల టైర్లు, బెంచీ మీద 4.7 సెంటీమీటర్ల తను. స్విచ్ నొక్కాడు. ట్యూబ్‌లైటు వెలిగింది. ఆపాడు. మళ్లీ నొక్కాడు.

"బోర్డు రాయలేదేం?" అన్నాడు.

"అది నీ పని మావయ్యా" అన్నాను.

కట్టేసిన మూట విప్పి కుంచె తీశాడు. బ్లేడుతో కోసి నాలుగైదు వెంట్రుకలు మిగిల్చాడు. కళ్లద్దాల మీద అత్తయ్య కళ్లద్దాలు కూడా పెట్టుకున్నాడు. చెయ్యి వణక్కుండా మోచెయ్యి కింద ఇటుక పెట్టుకున్నాడు. నేను ఫోన్ టార్చ్ పట్టుకున్నాను. అరగంట పట్టింది. ఎర్ర అక్షరాలు, పక్కన నల్ల నీడ, ఎప్పుడూ రాసినట్టే. ఆఖర్న కుడివైపు కింద మూల, పెయింటర్లు సంతకం చేసే చోట, చిన్న చుక్కంత తన పేరు. లారీల మీద ఆయన సంతకం పెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

"స్టిక్కర్ వాళ్లని రాయమను చూద్దాం, ఈ సైజులో" అన్నాడు కుంచె తుడుస్తూ.

ఇప్పుడా షెడ్డులో ఎవరో బ్యాటరీల గోడౌన్ పెట్టుకున్నారు. ఏ4 షెడ్డు మావయ్యగారింట్లో టీవీ పక్కన ఉంది. ఆదివారం ఆదివారం మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులుపుతాడట. "అసలు షెడ్డు ఉన్నన్నాళ్లూ ఒక్కనాడు ఊడ్చిన పాపాన పోలేదు" అంటుంది అత్తయ్య.